తల లోపలికి ఒక తలుపు

తమ్ముడికి ఆశీస్సులు.

‘బీయింగ్ జాన్ మాల్కోవిచ్’ మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఆ సినిమా నీకు ఎంత నచ్చిందో తెలిసింది. ఎందుకు నచ్చిందో తెలియలేదు. అస్తిత్వం, చైతన్యం, ఆత్మాన్వేషణ అంటూ మూడు పేజీలు నింపావు కానీ, బీరువా వెనకున్న ఆ చిన్న తలుపు ఒక్కసారి కూడా తెరవలేదు.

1999లో వచ్చిన సినిమా అది. దర్శకుడిగా స్పైక్ జోన్జ్‌కి మొదటిది. చార్లీ కౌఫ్‌మన్ రాసినవాటిలో తెరకెక్కిన మొదటిది కూడా. ఇద్దరూ వింతని ఎలా నిలబెట్టారో చూడు. ఆఫీసు ఏడున్నరో అంతస్తులో ఉంటుంది. అందరూ నడుం వంచి నడుస్తారు, ఎవరికీ ఆశ్చర్యం లేదు. బొమ్మలాడించే క్రెయిగ్ పొట్టకూటి కోసం అక్కడ ఫైళ్లు సర్దుతుంటే తలుపు కనబడుతుంది. దూరితే 15 నిమిషాలు జాన్ మాల్కోవిచ్ అనే నిజమైన హాలీవుడ్ నటుడి తలలో ఉంటాడు. ఆ తర్వాత న్యూజెర్సీలో హైవే పక్కన దబ్బున పడతాడు. ఆ తలుపులోకి జనాన్ని పంపడానికి టికెట్టు పెడితే 200 డాలర్లు! లెక్క అంత కచ్చితంగా ఉంది కాబట్టే మనం నమ్ముతాం.

పరకాయ ప్రవేశం మనకి కొత్త కాదు. శంకరాచార్యులు అమరుక మహారాజు దేహంలోకి వెళ్లిన కథ చిన్నప్పుడే విన్నాం. కానీ ఆ రాజు అప్పటికే చనిపోయాడు, అది ఖాళీ ఇల్లు. ఇక్కడ ఇంటాయన ఇంట్లోనే ఉన్నాడు, టోస్టు తింటూ పేపరు చదువుకుంటున్నాడు. నాకు ఒళ్లు జలదరించింది అక్కడే.

నేను చెన్నై వడపళనిలో 20 ఏళ్లు డబ్బింగ్ సినిమాలకి మాటలు రాశాను. తమిళ నటుడి పెదవులు ఎక్కడ కలిస్తే అక్కడ నా మాటలో ప, బ, మ ఏదో ఒకటి పడాలి. ‘వద్దు’ ఎంత బాగున్నా, పెదవులు మూసుకున్నాయంటే ‘మానెయ్’ అనే రాయాలి. ఒకరోజు హీరోయిన్‌కి గొంతిచ్చే ఆవిడ ఏడుపు సీను ఆరు టేకులు చెప్పి బయటికొచ్చింది. కాఫీ గ్లాసు చేతిలోనే ఉంది, తాగట్లేదు. “ఇంటికెళ్లి పిల్లల్ని పిలిస్తే నా గొంతు నాకే కొత్తగా ఉంటుందండీ” అంది. సినిమా చూస్తున్నంతసేపూ ఆవిడే గుర్తొచ్చింది.

నీకూ అలాంటిది ఉంది. చెన్నై ఓఎంఆర్ రోడ్డులో కాల్‌సెంటర్ నైట్ షిఫ్టులో వేరే పేరు పెట్టుకుని ఫోన్లెత్తేవాడివని నువ్వే చెప్పావు. ఓసారి బస్సులో ఎవరో ఆ పేరు పిలిస్తే వెనక్కి తిరిగావట. అంత మంచి సంగతి వ్యాసంలో ఎందుకు లేదు?

మాల్కోవిచ్ తన తలలోకి తానే దూరే సీను గురించి అందరూ రాస్తారు. నన్ను వదలనిది చివరి సీను. క్రెయిగ్ ఒక చిన్నపాప తలలో చిక్కుకుపోతాడు. తాను కోరుకున్న ఆవిడ, తన భార్య కలిసి ఆనందంగా ఉంటే ఆ పాప కళ్లతోనే చూస్తుంటాడు. చూపు తిప్పుకోవాలనుకుంటాడు, వీల్లేదు. దారాలు లాగి ఎన్ని బొమ్మల మెడలు తిప్పాడో అతను! పాప మాత్రం హాయిగా ఈత కొడుతుంటుంది.

ఈసారి ఆ పాప దగ్గర మొదలుపెట్టి రాసి చూడు. లేదంటే ఆ బస్సు దగ్గర. ఆదివారం నేను ఇంట్లోనే ఉంటాను, తీసుకురా.