మీరడిగారు: మా గ్యారేజీ మధ్యాహ్నానికి కొలిమైపోతోంది

ప్రశ్న: నమస్కారం మేడమ్. మా ఇంటికి విడిగా ఒక గ్యారేజీ ఉంది. పొడవు 6 మీటర్లు, వెడల్పు 3.5, ఎత్తు 3. పైన ఇనుప రేకు, షట్టర్ పడమటి వైపు. కారు పెట్టగా మిగిలిన చోట బల్ల వేసుకుని చెక్కపని చేసుకుంటాను. ఎండలు ముదిరాక పదకొండు దాటితే లోపల నిలబడలేకపోతున్నాను. ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగించాను. పొద్దున్నించీ తిరుగుతూనే ఉంటుంది, తేడా మాత్రం తెలియడం లేదు. ఏసీ పెట్టించేద్దామనుకుంటున్నాను. ఒకటిన్నర టన్ను సరిపోతుందా?

జవాబు: ఏసీ సంగతి కాసేపు పక్కన పెట్టండి. మధ్యాహ్నం రెండున్నరకి ఒక పెద్ద అట్టముక్క తీసుకుని గ్యారేజీ నడిమధ్యన నిలబడండి. అట్టను తలకి జానెడు ఎత్తులో గొడుగులా పట్టుకుని, ఒక నిమిషం ఆగి పక్కకి తీసేయండి. తీసీ తీయగానే మాడు మీద చుర్రుమని సెగ తగులుతుంది. లోపలి గాలి ఆ నిమిషంలో ఏమీ మారలేదు కదా! అట్ట ఆపింది రేకు నుంచి దిగే సెగని. మీ గ్యారేజీకి ఉన్న అసలు జబ్బు అదే. ఎగ్జాస్ట్ ఫ్యాన్ గాలిని లాగుతుంది గానీ సెగను లాగలేదు.

ఇళ్ల కట్టుబడి పనులు ఇరవై ఏళ్లకు పైగా దగ్గరుండి చూసుకున్నదాన్ని. నా సొంత గ్యారేజీ కూడా రేకుదే, దాని షట్టర్ కూడా పడమటికే. అందుకే మీ ఉత్తరం చదువుతుంటే నా మొదటి రెండు వేసవులూ గుర్తొచ్చాయి.

నడినెత్తి ఎండలో ఒక్కో చదరపు మీటరు మీద సుమారు 1000 వాట్ల వేడి పడుతుంది. మీ రేకు 21 చదరపు మీటర్లు. అంటే 21 కిలోవాట్లు. అందులో కొంత రేకు తిప్పికొడుతుంది, కొంత పైగాలికి పోతుంది, మిగిలింది లోపలికి దిగుతుంది. ఒక టన్ను ఏసీ తీసేయగలిగేది మూడున్నర కిలోవాట్లే. రేకుని ఇలాగే వదిలేసి ఏసీ పెట్టిస్తే అది రోజంతా ఆగకుండా నడుస్తుంది, మీకు మాత్రం తల మీద సెగ తగులుతూనే ఉంటుంది. గాలి చల్లబడినంత మాత్రాన రేకు చల్లబడదు.

కాబట్టి పని రేకు పైనుంచి మొదలుపెట్టండి. తుప్పు గీకించి, ప్రైమర్ కొట్టించి, ఎండను తిప్పికొట్టే తెల్ల పూత రెండు కోట్లు వేయించండి. పాతబడి రంగు మాసిన రేకు ఎండలో ఎక్కువ భాగాన్ని తాగేస్తుంది. కొత్త తెల్ల పూత 70 నుంచి 80 శాతం దాకా వెనక్కి పంపేస్తుంది. మిట్టమధ్యాహ్నం ఈ రెండు రేకుల మధ్య 20 డిగ్రీల తేడా రావడం మామూలే. అయితే దుమ్ము పట్టిన తెలుపు తెలుపు కాదు. వేసవి మొదట్లో ఒకసారి, మధ్యలో ఇంకోసారి నీళ్లతో కడిగించండి. చాలామంది పూత వేయించి, ఆ తర్వాత పైకి తొంగి కూడా చూడరు. మూడో ఏడాదికి పూత పనిచేయట్లేదంటారు.

ఆ తర్వాత రేకు అడుగున మెరిసే అల్యూమినియం ఫాయిల్. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, ఎందుకంటే నేను ఒక వేసవంతా నష్టపోయింది ఇక్కడే. నాకు పనిచేసిన మేస్త్రీ ఫాయిల్‌ని జిగురు పెట్టి రేకుకి అంటించేశాడు. చూడ్డానికి అద్దంలా ఎంత ముచ్చటగా ఉందో! మధ్యాహ్నం చెయ్యెత్తి తాకితే మాత్రం రేకు ఎంత కాలుతోందో ఫాయిల్ కూడా అంతే కాలుతోంది. అల్యూమినియం మంచి ఉష్ణవాహకం, రేకుకి అతుక్కుంటే వేడి నేరుగా దాన్లోకి దిగిపోతుంది. ఫాయిల్ గొప్పతనమంతా దాని మెరుపులో, దాని పక్కనున్న ఖాళీలో ఉంది. రేకుకీ ఫాయిల్‌కీ మధ్య గాలి ఉంటే రేకు వేడి నేరుగా ఫాయిల్‌లోకి దిగదు, దిగిన కాస్త వేడినీ మెరిసే ముఖం సెగగా కిందికి వదలకుండా పట్టి ఉంచుతుంది. వేసవి పోయాక అదంతా పీకించి, దూలాల అడుగున అంగుళం మందం చెక్క పట్టీలు కొట్టించి, రేకుకీ ఫాయిల్‌కీ మధ్య ఖాళీ ఉండేలా మళ్లీ కట్టించాను. మెరిసే ముఖం కిందికి పెట్టించాను, పైకి పెడితే దాని మీద దుమ్ము పేరుకుని మెరుపు పోతుంది. రెండు చివర్లా గాలి ఆడటానికి సందు వదిలించాను. మళ్లీ వేసవిలో అదే అట్టముక్కతో నిలబడి చూశాను. అట్ట తీసినా తల మీద ఏమీ తెలియలేదు. ఆ మధ్యాహ్నం ఎంత తృప్తిగా అనిపించిందో చెప్పలేను. ఒక్క జాగ్రత్త, ఫాయిల్‌లో కరెంటు పారుతుంది. వైర్లకు దూరంగా ఉండాలి, మేకులు ఎక్కడ కొడుతున్నారో మీరే దగ్గరుండి చూసుకోవాలి.

ఫాయిల్ కింద థర్మాకోల్ షీట్లు కూడా వేయొచ్చా అంటే వేయొచ్చు. అప్పుడు కూడా ఫాయిల్‌కీ షీట్లకీ మధ్య ఖాళీ ఉంచాలి. అయితే థర్మాకోల్ త్వరగా అంటుకుంటుంది, పొగ కూడా ప్రమాదకరం. చెక్క పొట్టు, వార్నిష్ ఉండే చోట దాన్ని పైకి కనబడేలా వదలకూడదు. అడుగున జిప్సం బోర్డుతో పూర్తిగా కప్పాలి. రాక్‌ఊల్ (రాతిని కరిగించి తీసిన పీచు) అయితే మంటకి భయం లేదు, నా ఓటు దానికే.

ఇక షట్టర్. మూడు దాటాక పొద్దు వాలి, ఎండ ఎదురుగా దాని మీదే పడుతుంది. లోపల తెర కట్టేవాళ్లున్నారు. అప్పటికే షట్టర్ కాలి, వేడి లోపలికి వచ్చేసి ఉంటుంది. నీడ బయటే పడాలి. షట్టర్‌కి రెండడుగుల ముందు ఒక పైపు చట్రం కట్టి, దానికి నీడ వల (షేడ్ నెట్) వేలాడదీయండి. మధ్యలోంచి గాలి పైకి పోవాలి కాబట్టి షట్టర్‌కి ఆనించి కట్టకండి. తీగ మొక్క పాకిస్తే ఇంకా మంచిది. మీది చుట్టుకునే షట్టర్ అయితే లోపలివైపు ఏదీ అంటించకండి, చుట్టుకునేటప్పుడు పట్టేస్తుంది. స్ప్రింగు మీద పైకి లేచే పలక తలుపైతే అంటించవచ్చు, కానీ బరువు పెరిగితే స్ప్రింగు లెక్క తప్పుతుంది. దాన్ని సరిచేయడం మనం చేసే పని కాదు, బిగువు మీదున్న స్ప్రింగు చేతులు విరిచేస్తుంది. తెలిసినవాళ్లనే పిలవండి.

ఇప్పుడు మీ ఫ్యాన్ దగ్గరికొద్దాం. ఫ్యాన్ తిరిగేటప్పుడు షట్టర్ మూసే ఉంచుతున్నారా? ఖాళీ సీసాకి నోరు పెట్టి పీల్చి చూడండి. కాసేపటికి ఏమీ రాదు. మూసిన గ్యారేజీలో ఫ్యాన్ కూడా అలాగే ఆయాసపడుతుంది. ఫ్యాన్ పైన ఉంటే, దానికి ఎదురుగోడలో నేలకి దగ్గరగా, నీడపట్టున, ఫ్యాన్ నోటి కన్నా ఒకటిన్నర రెట్లు పెద్ద కన్నం ఉండాలి. జాలీ కొట్టిస్తే ఎలుకలు రావు. మీ గ్యారేజీలో 63 ఘనపు మీటర్ల గాలి ఉంది. గంటకి 15 సార్లు మారాలంటే సుమారు 950 ఘనపు మీటర్లు లాగే ఫ్యాన్ కావాలి. పెట్టె మీద ఆ అంకె రాసే ఉంటుంది.

దాన్ని రోజంతా తిప్పకండి. రెండు థర్మామీటర్లు కొనుక్కోండి, ఒకటి లోపల, ఒకటి బయట నీడలో. లోపల ఎక్కువుంటే ఫ్యాన్ వేయండి, బయట ఎక్కువుంటే ఆపి అన్నీ మూసేయండి. రేకు పని అయ్యేదాకా మధ్యాహ్నం కూడా లోపలే ఎక్కువుంటుంది, అప్పటిదాకా తిప్పాల్సిందే. పని అయ్యాక చూడండి, మధ్యాహ్నం లోపలే చల్లగా ఉంటుంది. అప్పుడు ఫ్యాన్ వేస్తే వేడిగాలిని పిలిచి కూర్చోబెట్టినట్టే. చీకటి పడ్డాక, తెల్లవారేదాకా బాగా తిప్పండి. గోడలూ నేలా చల్లబడి, ఆ చల్లదనం మర్నాడు పూటకి పనికొస్తుంది.

ఇవన్నీ చేశాక కూడా ఏసీ కావాలనిపిస్తే అప్పుడు పెట్టుకోండి. ఒకటిన్నర టన్ను అక్కర్లేకపోవచ్చు.

ప్రశ్న: మాది స్లాబ్ గ్యారేజీ. మధ్యాహ్నం బాగానే ఉంటుంది. రాత్రి ఎనిమిదికి మాత్రం ఉడికిపోతుంది. దాన్ని ఆనుకునే మా అమ్మ పడక గది. పెద్దావిడ, నిద్ర పట్టక అవస్థ పడుతోంది. గోడ తాకితే వెచ్చగా ఉంటోంది. ఎందుకిలా?

జవాబు: కాంక్రీటు ఎండని అప్పటికప్పుడు లోపలికి పంపదు, దాచుకుంటుంది. 15 సెంటీమీటర్ల స్లాబ్ గుండా వేడి అడుగుకి చేరడానికి నాలుగైదు గంటలు పడుతుంది. మధ్యాహ్నం రెండింటి ఎండ మీ అమ్మగారి గదికి రాత్రి ఏడింటికి చేరుతోందన్నమాట.

స్లాబ్‌కి అడుగున ఏం కట్టినా కొంతే ఉపయోగం. వేడిని పైనే ఆపాలి. తెల్ల పూత, లేదంటే స్లాబ్ మీద రెండడుగుల ఎత్తున నీడ వల. రెండూ అయితే మరీ మంచిది. సాయంత్రం నీళ్లు చల్లితే చల్లబడుతుంది నిజమే, కానీ బీటలుంటే స్లాబ్ చెమ్మ పట్టి చువ్వలు తుప్పెక్కుతాయి. నేను వద్దంటాను.

ఇంకో సంగతి మీరు రాయలేదు గానీ అడుగుతున్నాను. కారు సాయంత్రం ఎన్నింటికి వస్తుంది? తిరిగొచ్చిన కారు ఇంజన్ 90 డిగ్రీల వేడి మీద ఉంటుంది. ఆ ఇనుమూ, అల్యూమినియం, రేడియేటర్ నీళ్లూ కలిసి చల్లబడేలోపు ఒక కిలోవాట్ హీటర్ని గంటకు పైగా వెలిగించినంత వేడి వదులుతాయి. అది మీ అమ్మగారి గోడ పక్కనే. వచ్చిన వెంటనే లోపల పెట్టకండి. ఒక గంట, గంటన్నర బయట ఉంచి, పడుకోబోయే ముందు లోపలికి తెచ్చుకోండి. డబ్బు ఖర్చు లేని పని కాబట్టి ఈ రాత్రే మొదలుపెట్టండి. గ్యారేజీలో పాత ఫ్రిజ్ పెట్టుకుని ఉంటే అది కూడా తీసేయండి, దాని వెనకనుంచి వచ్చేదంతా వేడే.

ఇంటికి ఆనుకున్న గ్యారేజీలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టేటప్పుడు మాత్రం చాలా జాగ్రత్తండీ. దగ్గర్లో గ్యాస్ గీజర్ ఉండి, గాలి లోపలికి రావడానికి వేరే దారి లేకపోతే, ఫ్యాన్ ఆ గీజర్ పొగని వెనక్కి లాగుతుంది. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉండొచ్చు. రంగూ వాసనా లేని విషం. అదే కారణంతో, ఫ్యాన్ ఉంది కదా అని షట్టర్ మూసి ఇంజన్ ఎప్పుడూ ఆన్ చేయకండి. ఇంట్లోకి వెళ్లే తలుపు చుట్టూ రబ్బరు పట్టీ వేయించండి, వేడి ఆగుతుంది, వాసనలు కూడా ఆగుతాయి.

ప్రశ్న: ఎలక్ట్రిక్ స్కూటర్ గ్యారేజీలోనే చార్జింగ్ పెడతాను. పక్కనే పెయింట్ డబ్బాలు, స్ప్రేలు, ఒక క్యాన్‌లో పెట్రోలు ఉంటాయి. మా ఆవిడకి ఒకటే టెన్షన్. నిజంగా భయపడాలా?

జవాబు: ఆవిడ మాట వినండి. పెట్రోలు ఈ రోజే అక్కడినుంచి తీసేయండి. దాని ఆవిరి గాలికన్నా బరువు, నేల మీదే పాకుతుంది. నేల దగ్గర ప్లగ్గులో ఒక్క నిప్పురవ్వ చాలు. స్ప్రే డబ్బాల మీద 50 డిగ్రీలు దాటిన చోట ఉంచొద్దని రాసే ఉంటుంది, రేకు కింద పై అరలో ఆ వేడి రావడం ఎంతసేపు? వాటిని ఇంట్లో చల్లటి చోటికి, పిల్లలకి అందకుండా మార్చండి. స్కూటర్ వచ్చిన వెంటనే చార్జింగ్ పెట్టకండి. లిథియం బ్యాటరీలకి సాధారణంగా 45 డిగ్రీలు దాటాక చార్జింగ్ మంచిది కాదు. రాత్రి చల్లబడ్డాక, మీరు మెలకువగా ఉన్నప్పుడే పెట్టుకోండి. కారు బ్యాటరీకి కూడా వేడి పడదు. సుమారు 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సగానికి పడిపోతుంది.

ప్రశ్న: గ్యారేజీలో కూలర్ పెట్టుకోవచ్చా?

జవాబు: మీ దగ్గర గాలి పొడిగా ఉంటేనే. ఒక లీటరు నీరు ఆవిరైతే సుమారు 0.67 యూనిట్ల కరెంటుతో సమానమైన వేడిని గాలినుంచి తీసుకుంటుంది, అది తక్కువేమీ కాదు. కానీ ఉక్కపోతగా ఉండే చోట నీరు సరిగా ఆవిరి కాదు, చెమ్మ మాత్రం మిగులుతుంది. పెట్టుకుంటే షట్టర్ మూరెడు పైకెత్తి ఉంచండి, తడిగాలి బయటికి పోవాలి. నేను మూసి వాడాను. పది రోజుల్లో ఉలుల మీద ఎర్రటి చుక్కలొచ్చాయి, టేకు బల్ల సొరుగు ఉబ్బి బయటికి రాలేదు. పనిముట్లు ఉన్న గ్యారేజీ అయితే కూలర్ ఆపేముందు అరగంట నీళ్ల పంపు కట్టేసి, ఫ్యాన్ ఒక్కటే తిప్పండి. ఉలులకి పలచగా నూనె రాసి పెట్టండి.