ముందు చక్రం దగ్గర ఒకసారి వంగి చూడు

చిట్టితల్లీ,

నువ్వు బండి కొంటున్నావని మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్‌లో చెప్పింది. తన గొంతులో సగం సంతోషం, సగం భయం. నాకు సంతోషమే ముందొచ్చింది. మన ఇంట్లో నా తర్వాత మోటార్‌సైకిల్ నడపబోయేది నువ్వే. కానీ కొత్త ఇంట్లో లోపల చోటు లేదని, బండి బయటే పెట్టాలని కూడా అంది. ఆ మాటతో నాకు ఇక నిద్ర పట్టలేదు. లేచి ఇది రాస్తున్నాను.

నీకు తెలిసినవే ముందు చెప్పేస్తాను. హ్యాండిల్ లాక్ ప్రతిసారీ వెయ్యి, కానీ దాని ఒక్కదాన్నే నమ్ముకోకు. హ్యాండిల్‌ని గట్టిగా తంతే లోపలి ముక్క విరిగిపోతుంది. నా మొదటి బండి అలాగే పోయింది. రెండో తాళంచెవి సీటు కింద దాచకు. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు రాసిపెట్టుకో, ఫొటోలు తీసిపెట్టుకో. సన్నటి వైర్ లాక్ అసలు కొనకు, క్షణాల్లో తెగుతుంది.

ఇంటి దగ్గరికి మాత్రం మంచి గొలుసు కావాలి. దానికి వెనకాడకు. చేత్తో వాడే పెద్ద బోల్ట్ కట్టర్లకు 12, 13 మిల్లీమీటర్ల గొలుసుల దాకా లొంగుతాయి. 16 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే కట్టర్ నోటికి పట్టదు, ఇనుము కోసే కరెంటు గ్రైండర్ తెచ్చుకోవాల్సిందే. గ్రైండర్ చప్పుడు వీధంతా వినిపిస్తుంది, నిప్పురవ్వలు లేస్తాయి. దొంగకు ఇష్టం లేనివి ఆ రెండే. ఈ మధ్య గ్రైండర్ రాళ్లనే అరగదీసే పూతతో యూ ఆకారపు తాళాలు కూడా వస్తున్నాయి, డబ్బు సరిపోతే చూడు. డబ్బా మీద రాసిన గొప్పల కన్నా, తాళాల్ని పరీక్షించేవాళ్లు ఇచ్చే గుర్తు చూసి కొను. బ్రిటన్ వాళ్ల సోల్డ్ సెక్యూర్ గుర్తులో బ్రాంజ్, సిల్వర్, గోల్డ్, డైమండ్ అని మెట్లుంటాయి. నెదర్లాండ్స్ వాళ్ల ఏఆర్‌టీ గుర్తుకు నక్షత్రాలుంటాయి, అయిదు దాకా. సైకిళ్లకు ఇచ్చే గుర్తు వేరు, మోటార్‌సైకిళ్లకు ఇచ్చేది వేరు. అది సరిచూసుకో.

ఇంకో సంగతి, తాళంచెవి గుండ్రంగా గొట్టంలా ఉండే పాత రకం తాళాలు ఎవరైనా చవగ్గా ఇస్తామన్నా తీసుకోకు. ఆ రకం సైకిల్ తాళాల్ని మామూలు బాల్‌పెన్ గొట్టంతో తెరవొచ్చని 2004లో లోకమంతా తెలిసిపోయింది.

గొలుసు వేసేటప్పుడు ముందు చక్రానికి మాత్రమే వేస్తే, చక్రం నీకు వదిలేసి మిగతా బండి పట్టుకుపోతారు. వెనక చక్రంలోంచి, ఫ్రేమ్‌లోంచి కలిపి వెయ్యి. గొలుసు నేలకు ఆనకూడదు. నేల మీద ఉంటే కట్టర్ ఒక పిడిని నేలకు ఆనించి, రెండోదాని మీద ఒళ్లంతా బరువు వేసి నొక్కుతారు, లేదా సమ్మెటతో కొడతారు. దేనికి కట్టేస్తున్నావో అదీ ముఖ్యమే. స్తంభమైతే ఊపి చూడు, పైనుంచి గొలుసు జారి రాదు కదా అని తలెత్తి చూడు. కొక్కెం నేలలో బిగిస్తే గట్టి కాంక్రీట్‌లోనే బిగించు. తారు నేలలో అది నిలవదు.

ఒకటి మాత్రం చచ్చినా చెయ్యకు. ఆ 16 మిల్లీమీటర్ల గొలుసు మీటరున్నర ఉంటే ఎనిమిది కిలోల పైచిలుకు తూగుతుంది. దాన్ని భుజం మీదుగా వేసుకుని బండి నడిపేవాళ్లను చూశాను. పడితే పక్కటెముకలు, వెన్నెముక ఏమవుతాయి? గొలుసు ఇంటి దగ్గరే ఉండాలి. బయటికి వెళ్లినప్పుడు డిస్క్ లాక్ చాలు, అదే, ముందు చక్రం బ్రేకు పళ్లేనికి వేసే చిన్న తాళం.

డిస్క్ లాక్ అన్నాను కాబట్టి, చెప్పాల్సిన అసలు సంగతి చెప్తాను. దీన్ని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

మొదటి బండి పోయాక రెండోది కొన్నప్పుడు నన్ను భయం పట్టుకుంది. రాత్రి రెండు మూడుసార్లు లేచి కిటికీలోంచి చూసేదాన్ని. షాపులో ఉన్నవాటిలో అన్నిటికన్నా లావు డిస్క్ లాక్ తెచ్చాను. దాంతోపాటు స్ప్రింగులా మెలికలు తిరిగిన నారింజరంగు తాడు ఒకటి ఇచ్చారు. ఒక కొస తాళానికి, ఇంకో కొస హ్యాండిల్‌కి తగిలించాలి. బండి ఎక్కగానే అది కంటపడి, కింద తాళం ఉందని గుర్తొస్తుంది. రెండు వారాలు తగిలించాను. చేతికి చుట్టుకునేది, సంచిలో పెడితే చిక్కుపడేది. తాళం వేసిన మనిషిని నేనే కదా, ఎలా మరిచిపోతాను అనుకున్నాను. తీసి డ్రాయర్‌లో పడేశాను.

ఆ రోజు మీ అమ్మకు పరీక్ష. నా వల్లే ఆలస్యమైంది, నిద్ర లేవలేదు. తను అట్ట, పెన్నులు పట్టుకుని వెనక ఎక్కింది. నేను బండిని వెనక్కి తీసి, హ్యాండిల్ కుడివైపుకి పూర్తిగా తిప్పి, ఫస్ట్ గేర్ వేసి క్లచ్ వదిలాను. ముందు చక్రం సగం తిరిగిందో లేదో, డిస్క్‌కున్న తాళం వెళ్లి కాలిపర్‌కి, అంటే ఆ పళ్లేన్ని నొక్కి ఆపే బ్రేకు భాగానికి తగిలింది. టక్కుమని ఒక చప్పుడు. వేగమంటావా, మనిషి నడక కన్నా తక్కువ. అయినా హ్యాండిల్ తిరిగి ఉంది, చక్రం బిగుసుకుపోయింది, ఇద్దరి బరువుతో బండి కుడివైపుకి ఒరిగిపోయింది. నేను కాలు ఊని పక్కకు దూకేశాను. మీ అమ్మ చెయ్యి ఊనింది.

కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది. పరీక్ష రాయాల్సిన చెయ్యి. ఆ ఏడాది అలా పోయింది.

తాతయ్య ఆసుపత్రికి వచ్చి ఏం జరిగిందని అడిగితే, నేను నోరు తెరిచేలోపే మీ అమ్మ అంది, "కుక్క అడ్డొచ్చింది నాన్నా, అక్క తప్పేం లేదు" అని. అప్పుడు నాకు నిజం చెప్పే ధైర్యం లేకపోయింది. ఆ తర్వాత ఎన్నాళ్లో తాతయ్య వీధిలో కుక్క కనబడితే కోప్పడేవారు. నాకు ప్రతిసారీ గుండెలో గుచ్చుకునేది. ఇప్పుడు కూడా సీసా మూత బిగుసుకుంటే తిప్పమని మీ అమ్మ నిన్నే పిలుస్తుందే, ఎందుకో ఎప్పుడైనా అడిగావా? చిన్నప్పుడు పడ్డానని చెప్పి ఉంటుంది. తను పడలేదమ్మా, నేను పడేశాను. ఇన్నేళ్లలో ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు ఇంత బరువుగా ఉండేది కాదేమో.

అందుకే తాళం ఎంత గట్టిదన్నది నాకు రెండో సంగతి. ఆ తాడు లేకుండా డిస్క్ లాక్ వేశావని తెలిస్తే నేను ఊరుకోను. తాడును ఎడమచేతి పిడికి చుట్టు. తాళాన్ని కాలిపర్‌కి ఆనుకునేలా, సందు లేకుండా పెట్టు. అప్పుడు మరిచిపోయినా బండి కదలకముందే ఆగుతుంది. అలారం ఉన్న డిస్క్ లాక్ ఇంకా మంచిది, కదిపితే అదే అరుస్తుంది. దాని బ్యాటరీ మాత్రం చూసుకుంటూ ఉండు. ఒక్కటి గుర్తుపెట్టుకో, డిస్క్ లాక్ బండిని దొర్లకుండా ఆపుతుందే గానీ, ఇద్దరు ముగ్గురు కలిసి ఎత్తి వ్యాన్‌లో వేసుకుంటే ఏమీ చెయ్యలేదు. రాత్రంతా ఉంచే చోట గొలుసు తప్పదు.

బండికి రంగు, బొమ్మలు లేని మామూలు కవర్ కప్పు. కింద ఏ బండి ఉందో తెలియకపోతే చాలామంది దగ్గరికే రారు. ఇంటి గేటు, నంబరు కనబడేలా బండి ఫొటోలు ఎక్కడా పెట్టకు. ట్రాకర్ పెట్టుకో, కానీ సామాన్లు వెతుక్కునే చిన్న బిళ్ల ఒక్కటే సరిపోదు. ఎయిర్‌ట్యాగ్ లాంటివి, తెలియని బిళ్ల తమ వెంట వస్తోందని పక్కనున్న ఫోన్‌కి చెప్పేస్తాయి. ఆ పక్కనున్నది దొంగే కావొచ్చు. బండి బ్యాటరీకి కలిపే జీపీఎస్ ట్రాకర్ అయితే మేలు.

ట్రాకర్‌లో బండి ఎక్కడుందో కనబడినా నువ్వు వెళ్లకు. పోలీసులకు చెప్పు. రాత్రి గ్రైండర్ చప్పుడు విని లేచినా కిందికి పరుగెత్తకు, లైట్లు వేసి పైనుంచి కేకలు పెట్టు, ఫోన్ చెయ్యి. తాళంచెవి ఇవ్వమని ఎవడైనా ఎదురొచ్చి బెదిరిస్తే చేతిలో పెట్టేసి పక్కకు తప్పుకో. నీ కోపం నాకు తెలుసు, చిన్నప్పుడు నీ బొమ్మ లాక్కున్నవాణ్ని వీధి చివరిదాకా తరిమావు. ఈ ఒక్క విషయంలో పెద్దమ్మ మాట విను.

డిస్క్ లాక్ నేనే కొన్నాను, రేపు పంపుతున్నాను. తాడు డబ్బాలోనే ఉంది. బండి రాగానే ఛాసిస్ నంబరు నాకూ పంపు, నీ దగ్గర కాగితం పోయినా నా దగ్గర ఉంటుంది. ఈ ఉత్తరం మీ అమ్మకు చూపించు. కుక్క సంగతి నీకు చెప్పేశానని తనకూ తెలియాలి. తనను మొదటిసారి వెనక ఎక్కించుకునే రోజు, స్టార్ట్ చేసే ముందు ముందు చక్రం దగ్గర ఒకసారి వంగి చూడు. ఎందుకు చూస్తున్నావో మీ అమ్మకు అర్థమవుతుంది.

మీ పెద్దమ్మ