ఇంజిన్ ట్యూనింగ్ అంటున్న అబ్బాయిని ఏం చదివించాలి?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. కొంత వరి, కొంత రొయ్యల చెరువు. మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. లెక్కల్లో బాగానే ఉంటాడు గానీ ఎప్పుడు చూసినా ఫోన్లో స్పోర్ట్స్ కార్ల ఇంజిన్లే. ఇన్‌టేక్ మేనిఫోల్డ్ అనే భాగం మారిస్తే పవర్ పెరుగుతుందట, అది తెప్పించి వాళ్ల మేనమామ టర్బో కారుకి వేస్తానంటున్నాడు. బీటెక్ వద్దు, బెంగళూరులో ఆరు నెలల ట్యూనింగ్ కోర్సులో చేరతాను, రెండు లక్షలు కట్టమంటున్నాడు. మాకు టెన్షన్‌గా ఉంది. ఇందులో భవిష్యత్తు ఉందా? (ఒక తండ్రి)

జవాబు: ఉందండి. అయితే ఆ కోర్సుకి ఇప్పుడే డబ్బు కట్టకండి, మేనిఫోల్డూ కొనకండి. మీవాడు మనసు పడ్డ భాగం ఏం పని చేస్తుందో ముందు మీకు తెలియాలి. అది తెలిస్తే వాణ్ణి ఏం చదివించాలో మీకే అర్థమవుతుంది.

పెట్రోలు ఇంజిన్లో ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండాలంటే బరువులో సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి. పెట్రోలు ఎక్కువ పోయడం తేలికే, గాలి ఎక్కువ నింపడమే కష్టం. యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే థ్రాటిల్ నుంచి వచ్చిన గాలిని అన్ని సిలిండర్లకీ పంచేది ఈ మేనిఫోల్డ్. ముందు ప్లీనమ్ అనే పెట్టె, దాని నుంచి ఒక్కో సిలిండర్‌కి ఒక్కో గొట్టం ఉంటాయి. ఆ గొట్టాల్ని రన్నర్లు అంటారు. మీ కాలువా, దాని బోదెలూ అనుకోండి. కాలువ నిండుగా పారుతున్నా పంపకం కుదరకపోతే శివారు పొలానికి నీరందదు. ఇంజిన్లో మాత్రం గాలి ఎక్కువ అందిన సిలిండర్‌కే ఎక్కువ ప్రమాదం. అన్నిటికీ ఒకే కొలత పెట్రోలు పడుతుంది కాబట్టి అక్కడ మిశ్రమం పలచబడుతుంది, వేడి పెరుగుతుంది, నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి మండి ఇంజిన్ టకటక కొట్టుకోవడం) మొదలై చివరికి పిస్టన్ దెబ్బతింటుంది.

నాకు ఇందులో బాగా ఇష్టమైన సంగతి రన్నర్ పొడవు. గాలి జోరుగా లోపలికి వెళ్తుండగా సిలిండర్ గుమ్మం దగ్గరి వాల్వ్ మూసుకుంటుంది. అక్కడ పుట్టిన ఒత్తిడి అల ధ్వని వేగంతో, అంటే సెకనుకి దాదాపు 340 మీటర్ల చొప్పున, గొట్టంలో వెనక్కి పోతుంది. ప్లీనమ్ దగ్గర తిరిగి మళ్లీ వాల్వ్ వైపు వస్తుంది. ఇలా అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. వాల్వ్ మళ్లీ తెరుచుకునే వేళకి ఒత్తిడి ఎక్కువున్న అల అక్కడికి చేరితే సిలిండర్‌లోకి అదనంగా గాలి దూరుతుంది. ఒత్తిడి తక్కువున్న అల చేరితే రావలసిన గాలి కూడా తగ్గుతుంది. ఇంజిన్ 6,000 ఆర్‌పీఎం (నిమిషానికి 6,000 చుట్లు) మీద తిరుగుతుంటే ఒక్క చుట్టుకి పట్టేది 10 మిల్లీసెకన్లు. రన్నర్ 40 సెంటీమీటర్లయితే అల ఒకసారి వెళ్లి రావడానికి సుమారు 2.35 మిల్లీసెకన్లు పడుతుంది. ఆర్‌పీఎం మారితే వాల్వ్ మూసి ఉండే సమయం మారుతుంది, అల తిరిగొచ్చే సమయం మాత్రం మారదు. అంటే ఒక పొడవు రన్నర్ కొన్ని ఆర్‌పీఎంల దగ్గరే బాగా కలిసొస్తుంది. పొట్టి రన్నర్లు ఎక్కువ వేగం మీద పవర్ ఇస్తాయి, పొడుగువి తక్కువ వేగం మీద లాగుడు ఇస్తాయి. రెండూ కావాలని కొన్ని కంపెనీలు పొడవు మారే మేనిఫోల్డ్‌లు కూడా చేశాయి.

ఇదంతా మీవాడి ఇంటర్ ఫిజిక్స్‌లో తరంగాల పాఠమే. ఒక చివర మూసి ఉన్న గొట్టంలో ధ్వని ఎలా ప్రవర్తిస్తుందో అక్కడ చెబుతారు. మూసిన చివర వాల్వ్, తెరిచిన చివర ప్లీనమ్. ఈ రాత్రికి వాణ్ణి పిలిచి, పై లెక్క 3,000 ఆర్‌పీఎంకి చేసి చూపించమనండి. వాల్వ్ ఎంతసేపు మూసి ఉంటుంది, ఆలోగా అల ఎన్నిసార్లు వెళ్లొస్తుంది, రన్నర్ పొడవు పెంచితే ఏమవుతుంది? విసుక్కోకుండా కాగితం పట్టుకుని కూర్చుంటే అది వట్టి ఫోన్ పిచ్చి కాదు, చదువు మీద ఆసక్తే. విసుక్కుంటే మాత్రం వాడికి నచ్చింది కార్ల వేగమేననుకోవాలి. అప్పుడు ఏ కోర్సుకైనా రెండు లక్షలు కట్టడం దండగ.

ఇక మేనమామ కారు సంగతి. టర్బో అంటే గాలిని ఒత్తి ఇంజిన్లోకి నింపే పరికరం. ఆ ఒత్తిడి ఎంత ఉండాలో ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్, నిర్ణయిస్తుంది. మేనిఫోల్డ్ ఒక్కటే మారిస్తే ఒరిగేది చాలా తక్కువ. టర్బో, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్, ఎగ్జాస్ట్ మార్చి, ఈసీయూ రీమ్యాప్ చేయించి (అందులోని లెక్కలు మార్పించి), పవర్ కొలిచే డైనో అనే యంత్రం మీద కొలిచినప్పుడే ఆ భాగం విలువ తెలుస్తుంది. పైగా పెద్ద ప్లీనమ్, పొట్టి రన్నర్లు ఉన్న మేనిఫోల్డ్ ఫలితం ఇంజిన్ బాగా తిరిగినప్పుడే కనిపిస్తుంది. పాలకొల్లు నుంచి నరసాపురం వెళ్లే దారిలో ఆ వేగం ఎక్కడ దొరుకుతుంది? రోజూ కావలసిన లాగుడు తగ్గి, కొత్త భాగం వేసిన కారే మందకొడిగా అనిపిస్తుంది.

చట్టం కూడా చూడాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకీ ఆర్‌సీలోని వివరాలకీ తేడా వచ్చేలా బండిలో మార్పులు చేయకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. అదే ఏడాది చేసిన సవరణతో, అనుమతి లేని మార్పులకి యజమానికి 6 నెలల వరకు జైలు గానీ, ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. ప్రమాదం జరిగితే బీమా క్లెయిమ్ దగ్గరా పేచీ వస్తుంది. ఇలాంటి పనికి సరైన చోటు రేస్ ట్రాక్. మనకి దగ్గరలో చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టైలో, కోయంబత్తూరులో ట్రాక్‌లు ఉన్నాయి.

అందుకే నా సలహా మెకానికల్ గానీ ఆటోమొబైల్ గానీ బీటెక్. ఈఏపీసెట్ బాగా రాయించండి. ర్యాంకు వచ్చాక బ్రాంచి ఒక్కటే చూసి ఊరుకోకండి, ఆ కాలేజీలో ఫార్ములా స్టూడెంట్ టీమ్ ఉందో లేదో కనుక్కోండి. కోయంబత్తూరులో జరిగే ఫార్ములా భారత్ పోటీకి విద్యార్థులే చిన్న రేస్ కారు తయారుచేసి తీసుకెళ్తారు. పెట్రోలు కార్ల విభాగంలో ఇంజిన్ 710 సీసీ దాటకూడదు, ఇంజిన్‌కి వెళ్లే గాలంతా 20 మిల్లీమీటర్ల సందులోంచే పోవాలి. ఆ సందు వల్ల పోయిన పవర్‌ని వీలైనంత తిరిగి రాబట్టాలంటే ప్లీనమ్, రన్నర్లు సొంతంగా డిజైన్ చేసుకోవాల్సిందే. మీవాడు కలగంటున్న పని ఇదే! కంప్యూటర్‌లో గాలి ప్రవాహం లెక్క కడతారు, త్రీడీ ప్రింటింగ్‌తోనో అల్యూమినియం రేకుని టిగ్ వెల్డింగ్ చేసో తయారుచేస్తారు, డైనో మీద కొలుస్తారు. ఈ పొడవే ఎందుకు పెట్టావని జడ్జీలు నిలబెట్టి అడుగుతారు. ఇంటర్వ్యూల్లో దీనికున్న విలువ ఆరు నెలల సర్టిఫికెట్‌కి ఉండదు. ఆ కోర్సు చెడ్డదని నేననను. బీటెక్ మూడో ఏడాది తర్వాత ఈసీయూ మ్యాపింగ్ నేర్చుకోవడానికి వెళ్తే పెట్టిన డబ్బుకి న్యాయం జరుగుతుంది.

పదో తరగతి పిల్లలున్నవాళ్లూ ఇదే అడుగుతుంటారు. వాళ్లకి పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా, ఆ తర్వాత ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో సంవత్సరం మంచి దారి. చేతిపనే ఇష్టమైతే ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడ్ ఉంది.

ఉద్యోగాల విషయం దాచకుండా చెబుతాను. మన దేశంలో కార్లకి పవర్ పెంచే దుకాణాలు కొద్దిగానే ఉన్నాయి, వాటిని నమ్ముకుని కుటుంబాన్ని నడపడం కష్టం. స్థిరమైన పని ఇంజిన్ క్యాలిబ్రేషన్‌లో (ఈసీయూ లెక్కలు సరిచూసి పెట్టడం), టెస్టింగ్‌లో, సిమ్యులేషన్‌లో ఉంటుంది. కార్ల కంపెనీలు, వాటికి విడిభాగాలిచ్చే కంపెనీలు, పూణేలోని ఏఆర్‌ఏఐ, చెన్నై దగ్గర ఒరగడంలోని జీఏఆర్‌సీ లాంటి పరీక్షా కేంద్రాలు ఈ పని చేస్తాయి. మొదటి జీతం హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ పిల్లల కంటే తక్కువే ఉండొచ్చు. అది ముందే తెలిసి దిగాలి.

ఎలక్ట్రిక్ కార్లు వస్తే ఇంజిన్ చదువు ఏమైపోతుందని మీ చుట్టాలెవరైనా అడుగుతారు. పెట్రోలులో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు. ఇథనాల్ ఒక పాలుకి గాలి 9 పాళ్లే చాలు. ఇంధనం మారిన ప్రతిసారీ ఈ లెక్కలు మళ్లీ కట్టేవాళ్లు కావాలి. గాలి, వేడి ఎలా ప్రవహిస్తాయో తెలిసినవాడికి బ్యాటరీ చల్లబరిచే విభాగంలోనూ చోటుంటుంది. కాబట్టి ఇంజిన్‌తో పాటు ఫ్లూయిడ్ మెకానిక్స్, హీట్ ట్రాన్స్‌ఫర్, కొంచెం పైథాన్ ప్రోగ్రామింగ్ గట్టిగా నేర్చుకోమనండి.

పరీక్షలయ్యాక సెలవుల్లో భీమవరంలోనో పాలకొల్లులోనో ఇంజిన్ హెడ్ (వాల్వ్‌లుండే పైభాగం) పని చేసే మంచి మెకానిక్ దగ్గర ఉంచండి. వాల్వ్ సీటు ఎలా కూర్చుంటుందో, గ్యాస్కెట్ అంచు గాలి దారికి ఎలా అడ్డొస్తుందో చేత్తో తడిమి చూస్తాడు. మీ చెరువు గట్టు మీద డీజిల్ జనరేటర్ ఉంటే దాని ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేసే పని కూడా వాడికే అప్పగించండి. ఫిల్టర్ మూసుకుపోయినప్పుడు పొగ నల్లగా ఎందుకొస్తుందో, శుభ్రం చేశాక లోడు ఎందుకు బాగా లాగుతుందో వాడే మీకు చెప్పాలి. ఈలోగా వాడు తెచ్చే కాలేజీల జాబితాలో ఏ రెండింటికైనా మీరూ వాడూ కలిసి వెళ్లి, వర్క్‌షాప్‌లో డైనో చూపించమని అడగండి. ఉంటే చివరిసారి దాన్ని ఎప్పుడు నడిపారో కూడా కనుక్కోండి.