ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడాలా?

ప్రశ్న: మాది కరీంనగర్. ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చి కొంపల్లిలో ఉంటున్నాం. బాబుకు యూకేజీ అయిపోయింది. ఒకటో తరగతికి ఒక ఇంటర్నేషనల్ స్కూల్ చూశాం. గేటు లోపలికి వెళ్తే అంతా ఇంగ్లీషే, తెలుగు మాట వినిపించకూడదట. ఫీజు ఏడాదికి నాలుగున్నర లక్షలు. ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడాలని ప్రిన్సిపల్ గట్టిగా చెప్పారు. మేమిద్దరం తెలుగు మీడియంలో చదివాం. మా ఇంగ్లీష్ ఆఫీసు పని వరకే. అక్కడ చేర్పిస్తే వాడి కెరీర్ బాగుంటుందా? రేపు ఐఐటీ, మెడిసిన్ అంటే ఇబ్బంది పడతాడా?

జవాబు: ముందు ఇంటి సంగతి తేల్చేద్దాం. మీ బాబుతో తెలుగులోనే మాట్లాడండి, ప్రిన్సిపల్ ఎంత గట్టిగా చెప్పినా సరే.

ఆరేళ్ల పిల్లాడికి ప్రశ్నలకు లోటుండదు. వాన ఎందుకు పడుతుంది, బ్యాంకువాళ్లు మన డబ్బులు ఎక్కడ దాస్తారు, చచ్చిపోయినవాళ్లు మళ్లీ ఎందుకు రారు. వీటికి తెలుగులో అయితే మీరు పది నిమిషాలు చెప్పగలరు, వాడు మధ్యలో అడ్డు తగిలితే ఇంకాస్త. మీ ఆఫీసు ఇంగ్లీష్‌తో అయితే ఆ మాటలు 'కమ్ ఫాస్ట్', 'డోంట్ టచ్' దగ్గరే ఆగిపోతాయి. కారణం చెప్పడం, జరిగింది వరసగా చెప్పడం, రెండింటిని పోల్చి చూడటం పిల్లలు పెద్దల మాటల్లోంచే పట్టుకుంటారు. ఒక భాషలో అవి పట్టుబడ్డాక ఇంకో భాషలో మళ్లీ మొదటి నుంచి నేర్చుకోనక్కర్లేదు.

ఇమ్మర్షన్ (పిల్లలకు పాఠాలన్నీ కొత్త భాషలోనే చెప్పే పద్ధతి) పేరు చెప్పి ఇంటి భాష మానేయమనేవాళ్లు ఆ పద్ధతి ఎక్కడ మొదలైందో ఒకసారి చూడాలి. 1965లో కెనడాలోని మాంట్రియల్ పక్కన, సెయింట్ లాంబర్ట్‌లో, ఇంగ్లీష్ మాట్లాడే తల్లిదండ్రులు పట్టుబట్టి తమ పిల్లలకు కిండర్‌గార్టెన్ నుంచే ఫ్రెంచ్‌లో పాఠాలు చెప్పించారు. మెక్‌గిల్ యూనివర్సిటీ పరిశోధకులు వాళ్లను కొన్నేళ్లపాటు పరిశీలించారు. ఫ్రెంచ్ బాగా వచ్చింది, ఇంగ్లీష్ దెబ్బతినలేదు. కానీ అక్కడి ఏర్పాటు వేరు. టీచర్లకు పిల్లల భాష తెలుసు. మొదట్లో పిల్లలు ఇంగ్లీష్‌లో మాట్లాడినా ఎవరూ తప్పు పట్టలేదు. ఫ్రెంచ్ ఎవరికీ రాదు కాబట్టి అందరూ ఒకే చోటు నుంచి బయలుదేరారు. కొన్నాళ్లకు ఇంగ్లీష్ కూడా ఒక సబ్జెక్టుగా వచ్చి చేరింది. ఇళ్లలో మాత్రం మొదటి నుంచీ ఇంగ్లీషే నడిచింది.

ఇప్పుడు మీరు చూసిన స్కూలు. అందులో సగం మంది పిల్లలు ఇంట్లో ఇంగ్లీష్ మాట్లాడేవాళ్లో, అమెరికా నుంచి తిరిగొచ్చినవాళ్లో అయితే మీ బాబు వాళ్ల పక్కన మొదటి రోజే వెనకబడినట్టు కనిపిస్తాడు. నిజానికి వాడికి తెలివి తక్కువేమీ కాదు, తెలిసింది చెప్పే దారి ఇంకా దొరకలేదంతే. ఆ తేడా టీచర్‌కు తెలియకపోతే 'స్లో లెర్నర్' అనే ముద్ర పడుతుంది. ఇంకో సంగతి. ఫ్రెండ్స్‌తో గలగలా మాట్లాడే ఇంగ్లీష్ రెండేళ్లలో వచ్చేస్తుంది. పాఠం చదివి అర్థం చేసుకుని సొంతంగా రాసే ఇంగ్లీష్‌కు ఐదు నుంచి ఏడేళ్లు పడుతుందని జిమ్ కమిన్స్ అనే కెనడా పరిశోధకుడు ఎప్పుడో చెప్పారు. అందుకే నాలుగో తరగతిలో పిల్లాడు చక్కగా మాట్లాడుతుంటే, లెక్కల్లో మాత్రం రాతప్రశ్న అర్థం కాక తప్పు చేస్తుంటాడు. ఇంట్లోవాళ్లు లెక్కలకు ట్యూషన్ పెట్టిస్తారు. అసలు లోటు చదివి అర్థం చేసుకోవడంలో ఉంటుంది.

స్కూలుకు మళ్లీ వెళ్లండి. ఈసారి ప్రిన్సిపల్ గదిలో కూర్చోకుండా ఒకటో తరగతి టీచర్‌ను కలవాలని అడగండి. ఆమెను ఒక్క ప్రశ్న వేయండి: "మా వాడు కడుపు నొప్పి అని తెలుగులో చెప్తే మీరేం చేస్తారు?" నవ్వి, "ముందు సిక్ రూమ్‌కు తీసుకెళ్తాను, ఇంగ్లీష్‌లో ఎలా చెప్పాలో తర్వాత నేర్పిస్తాను" అంటే ఆ టీచర్ దగ్గర మీ బాబు హాయిగా ఉంటాడు. "ఇంగ్లీష్‌లో చెప్పేదాకా ఎంకరేజ్ చేస్తాం" అంటే ఆలోచించండి. తెలుగు మాట్లాడితే జరిమానా, మెడలో బోర్డు, స్టార్‌లు కోసేయడం లాంటివి ఉన్నాయని తెలిస్తే ఇక ఆలోచన కూడా వద్దు. తెలుగు టీచర్‌ను కూడా కలవండి. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం ఏ బోర్డు స్కూలైనా పదో తరగతి దాకా తెలుగు నేర్పాల్సిందే. మూడో తరగతి పిల్లల తెలుగు నోటుబుక్ ఒకటి తెరిచి చూస్తే, అక్కడ తెలుగు నిజంగా నేర్పుతున్నారో, టైమ్‌టేబుల్‌లో పేరుకు పెట్టారో తెలిసిపోతుంది.

అన్నట్టు, 'పేరెంట్ ఇంటరాక్షన్' పేరుతో మీ ఇద్దరి ఇంగ్లీష్‌ను పరీక్షించి సీటు ఇస్తామంటే, విద్యాహక్కు చట్టంలోని 13వ సెక్షన్ దానికి ఒప్పుకోదు. పిల్లాడినైనా, తల్లిదండ్రులనైనా అలా వడపోయకూడదు. క్యాపిటేషన్ ఫీజు, అంటే సీటు కోసం అసలు ఫీజుకు మించి అడిగే డబ్బు కూడా అదే సెక్షన్ కింద నిషేధం. అక్కడే గొడవ పెట్టుకోమని చెప్పను కానీ, మీకు ఇంగ్లీష్ సరిగా రాదని తల దించుకోవాల్సిన పనైతే లేదు.

బోర్డు మీది 'ఇంటర్నేషనల్' అనే మాటను పట్టించుకోకండి. సీబీఎస్‌ఈ సిలబస్ చెప్పే స్కూళ్లకూ ఆ పేరుంటుంది. సిలబస్ ఐబీనా (ఇంటర్నేషనల్ బాకలారియట్), కేంబ్రిడ్జా, సీబీఎస్‌ఈనా అని సూటిగా అడగండి; మొదటి రెండూ విదేశీ బోర్డులు. ఐబీ అంటే, గుర్తింపు వచ్చేసిందా, ఇంకా గుర్తింపు కోసం ఎదురుచూసే 'క్యాండిడేట్' దశలోనే ఉందా అన్నది ఐబీ వెబ్‌సైట్‌లో మీరే చూసుకోవచ్చు. ప్రైమరీకి గుర్తింపు ఉన్నంత మాత్రాన పన్నెండో తరగతి దాకా ఉందని కాదు.

కెరీర్ మాటకొస్తే, ఐదో తరగతి వరకు ఏ బోర్డయినా ఐఐటీకీ మెడిసిన్‌కూ తలుపులు మూసేయదు. జేఈఈ మెయిన్, నీట్ ప్రశ్నపత్రాలు తెలుగులో కూడా ఇస్తున్నారు, ఐఐటీకి ఆ తర్వాత రాసే జేఈఈ అడ్వాన్స్‌డ్ మాత్రం ఇంగ్లీష్, హిందీల్లోనే ఉంటుంది. అయినా ఒకటో తరగతిలో ఇంగ్లీష్ ఎంత వచ్చిందన్నదాని మీద ఆ సీట్లు ఆధారపడవు. అసలు మలుపు ఎనిమిది, తొమ్మిది తరగతుల దగ్గర వస్తుంది. ఐబీ డిప్లొమాను మన దేశంలో పన్నెండో తరగతికి సమానంగా గుర్తిస్తారు, అర్హతకు లోటు లేదు. అయితే జేఈఈ, నీట్ సిలబస్ మన ప్లస్‌టూకు దగ్గరగా ఉంటుంది. ఐబీ పిల్లలు దానికోసం విడిగా చదువుకోవాలి, పైగా డిప్లొమాలో ప్రాజెక్టులూ వ్యాసాలూ తలకు మించిన పని. మే పరీక్షల ఫలితాలు జూలై మొదట్లో వస్తాయి. ఐఐటీ కౌన్సెలింగ్ అంతకు ముందే మొదలై ఉంటుంది, ఆ టెన్షన్ అదనం. కేంబ్రిడ్జ్‌లో మన దేశానికి మార్చి పరీక్షలు ఉన్నాయి, ఫలితాలు మేలో వస్తాయి కాబట్టి కొంత నయం. ఇంజనీరింగ్, మెడిసిన్ ఆశ గట్టిగా ఉంటే ఎనిమిదో తరగతిలో సీబీఎస్‌ఈకో, స్టేట్ బోర్డుకో మారడం మంచిది. తొమ్మిది దాటాక సీబీఎస్‌ఈలో చేరడం కష్టమవుతుంది.

ఇక డబ్బు. నాలుగున్నర లక్షల ఫీజు ఏటా పది శాతం పెరుగుతుందనుకోండి. పన్నెండో తరగతికి వచ్చేసరికి ఆ ఒక్క ఏడాదికే దాదాపు 13 లక్షలు, పన్నెండేళ్లకూ కలిపి సుమారు 96 లక్షలు. బస్సు, పరీక్ష ఫీజులు ఇందులో లేవు. తర్వాత విదేశాల్లో డిగ్రీ చదివించే ఆలోచన ఉంటేనే ఈ దారికి అర్థం, దానికీ వేరే డబ్బు కావాలి. సొంతిల్లు, కరీంనగర్‌లో పెద్దవాళ్ల వైద్యం వాయిదా వేసి ఈ ఫీజు కట్టాల్సిన పరిస్థితి అయితే నేను వద్దంటాను. మీ ఇంటికి దగ్గర్లో, టీచర్లు ఏళ్ల తరబడి నిలబడే, లైబ్రరీ నిజంగా వాడే ఒక సీబీఎస్‌ఈ స్కూలు చూస్తాను.

అయినా అక్కడే చేర్పించాలనుకుంటే, మొదటి కొన్ని నెలలు బాబు క్లాసులో నోరు విప్పకపోవచ్చు. కొత్త భాషలో పడ్డ పిల్లలు ముందు వింటారు, మాట తర్వాత వస్తుంది. కంగారుపడి కోచింగ్‌లు పెట్టకండి. రాత్రిపూట తెలుగులో కథ చెప్పండి, స్కూలు నుంచి తెచ్చిన ఇంగ్లీష్ పుస్తకంలో బొమ్మలు చూపించి కథ ఏమిటో వాడినే తెలుగులో చెప్పమనండి. దసరా సెలవులు అయ్యాక కూడా పొద్దున్నే ఏడుపు, స్కూలు పేరు చెప్తే కడుపు నొప్పి అంటుంటే క్లాస్ టీచర్‌ను కలవండి. ఆమె మీ బాబు గురించి ఏమీ చెప్పకుండా, ఇంట్లో ఇంగ్లీష్ మాట్లాడండి అని మళ్లీ అదే పాట పాడితే టీసీ తీసుకోండి.