ఆరు ఇడ్లీలు తిన్నా పదకొండుకే ఆకలెందుకు?

పొద్దున ఆరు ఇడ్లీలు లాగించినా పదకొండుకల్లా కడుపు ఖాళీ అయిపోతోందని, అదే రెండు పెసరట్లు తిన్న రోజు మధ్యాహ్నం దాకా ఆకలి గుర్తే రాదని, తేడా ఎక్కడుందని అడిగారు. ఈ బాధ నేను మూడేళ్లు పడ్డాను.

హైదరాబాద్‌లో హాస్టల్లో ఉన్నప్పుడు ఎనిమిదింటికి ఇడ్లీ తిని ఆఫీసుకెళ్తే, పదిన్నరకి బిస్కెట్ల కోసం వెతుకులాట. షుగరేమోనని టెన్షన్ పడి టెస్ట్ కూడా చేయించుకున్నా. ఏమీ లేదు. ఒకరోజు వంటాయన్ని పిండి సంగతి అడిగితే, "గ్లాసు మినప్పప్పుకి నాలుగు గ్లాసుల రవ్వ సార్" అన్నాడు. మా ఇంట్లో గ్లాసుకి రెండే! అంటే నేను తింటున్నది ముప్పాతిక పైగా బియ్యపు రవ్వే. చట్నీ సరేసరి, ప్లేటు వంచితే కారిపోయేది. నమిలే పని లేదు కాబట్టి ఐదు నిమిషాల్లో అయిపోయేది, అరగడమూ అంతే తొందరగా.

పెసరట్టుకి పెసలు పొట్టుతోనే రుబ్బుతాం. ప్రొటీనూ ఉంటుంది, పీచూ ఉంటుంది. కడుపులోంచి నిదానంగా కదులుతుంది.

అనంతపురం దగ్గర మా అవ్వ రాగి సంగటి ముద్ద, చెనక్కాయల (వేరుశనగల) ఊరిబిండి, అంటే పచ్చడి, తిని పొలానికి పోతే రెండింటి దాకా తిండి మాటెత్తేది కాదు. రాగుల్లో ప్రొటీన్ దండిగా ఉంటుందంటారు గానీ, బియ్యంతో పోలిస్తే పెద్ద తేడా లేదు. ఎక్కువున్నది పీచు. ప్రొటీన్, నూనె ఊరిబిండిలోని చెనక్కాయలవి. ఉత్త సంగటి తింటే అంతసేపు ఆగేది కాదేమో.

1995లో సిడ్నీ యూనివర్సిటీవాళ్లు 38 రకాల తిండి, ఒక్కోటి 240 కేలరీల చొప్పున పెట్టి, రెండు గంటలపాటు ఆకలి ఎలా ఉందో అడుగుతూ పోయారు. కడుపు నిండుగా ఉంచడంలో తెల్ల బ్రెడ్‌ని 100 అనుకుంటే, ఉడికించిన బంగాళాదుంపకి 323 వచ్చింది. లావెక్కిస్తుందని మనం తిట్టే దుంపే! నీళ్లెక్కువ కాబట్టి అవే కేలరీలకి కుప్పెడు తినాలి మరి. అదే దుంప చిప్స్ అయితే బ్రెడ్ కంటే కిందే.

ఇడ్లీ నేనేం మానలేదు. మూడు ఇడ్లీలు, గట్టి పల్లీ చట్నీ, పప్పు బాగా పడిన సాంబారు, ఉంటే ఒక ఉడికించిన గుడ్డు. ఒంటిగంట దాకా ఢోకా లేదు. మీకు ఆకలితోపాటు దాహం, బరువు తగ్గడం కూడా ఉంటే మాత్రం ఇడ్లీ మీద నెపం వేయకుండా ముందు షుగర్ టెస్ట్ చేయించుకోండి.