ఫ్లూ మందు: సగం సీసా మిగిలితే అత్తగారికి వెయ్యొచ్చా?

ప్రశ్న: మా బాబుకి ఆరేళ్లు, 19 కిలోలు. ఫ్లూ అని డాక్టరుగారు ఓసెల్టామివిర్ సిరప్ 45 మి.గ్రా. చొప్పున పొద్దున, రాత్రి అయిదు రోజులు వెయ్యమన్నారు. మూడో రోజుకే జ్వరం దిగింది, వాంతులు కూడా అవుతున్నాయని ఆపేశాం. ఇప్పుడు మా అత్తగారికి (72 ఏళ్లు, షుగర్, కిడ్నీ ఇబ్బంది) జ్వరం, దగ్గు. మిగిలిన సిరప్ ఆవిడకి వెయ్యొచ్చా?
– ఒక గృహిణి, పటమట, విజయవాడ

జవాబు: వద్దండీ. ఆవిడని ఈరోజే డాక్టరుకి చూపించండి. ఆవిడ వయసుకి, షుగరుకి ఫ్లూ న్యుమోనియాగా తిరిగే ప్రమాదం ఎక్కువ. అందుకే ఇలాంటివారికి పరీక్ష రిపోర్టు వచ్చేదాకా ఆగకుండానే డాక్టర్లు మందు మొదలుపెడతారు. వెళ్లేటప్పుడు ఆఖరిసారి చేయించిన క్రియాటినిన్ రిపోర్టు తప్పకుండా పట్టుకెళ్లండి. ఈ మందు మూత్రం ద్వారానే బయటికి పోతుంది. మామూలుగా పెద్దలకి 75 మి.గ్రా. రెండు పూటలా ఇస్తారు. కిడ్నీ పనితనాన్ని చెప్పే క్రియాటినిన్ క్లియరెన్స్ 30–60 మధ్య ఉంటే 30 మి.గ్రా. రెండు పూటలా, 10–30 మధ్య ఉంటే 30 మి.గ్రా. ఒక్క పూటే. ఒళ్లు నొప్పులని డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ మాత్రం వెయ్యకండి, కిడ్నీకి దెబ్బ. పారాసిటమాల్ చాలు. ఆయాసం, మగత, తికమకగా మాట్లాడడం, పల్స్ ఆక్సీమీటర్‌లో 94 కంటే తక్కువ చూపించడం – వీటిలో ఏది కనిపించినా రాత్రయినా సరే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇక బాబు సంగతి. 15 కిలోలు దాటి 23 లోపు పిల్లలకి 45 మి.గ్రా. సరైన మోతాదే. కానీ మిల్లీగ్రాములు వేరు, మిల్లీలీటర్లు వేరు. సీసా మీద ఒక మి.లీ.లో 12 మి.గ్రా. అని ఉంటే 3.75 మి.లీ. వెయ్యాలి. 6 మి.గ్రా. అని ఉంటే 7.5 మి.లీ. షాపు మారితే సీసా మారుతుంది, చెయ్యి మాత్రం పాత గీత దగ్గరికే పోతుంది. అక్కడే మోతాదు సగమో రెట్టింపో అయిపోతుంది. చెంచాతో కాకుండా సిరంజితో కొలవండి, ప్రతిసారీ సీసా బాగా కుదపండి. పొడిలో నీళ్లు కలిపిన మందు బయట ఉంచితే సాధారణంగా పది రోజులే పనికొస్తుంది. గడువు సీసా మీదే రాసి ఉంటుంది, దాటితే పారబోయండి.

వాంతులు ఈ మందుకి మామూలే. ఖాళీ కడుపుతో కాకుండా రెండు ముద్దలు పెరుగన్నం పెట్టాక వేస్తే చాలావరకు తగ్గుతాయి. సిరప్ దొరక్కపోతే, డాక్టరు రాసిన మోతాదు క్యాప్సూల్ విప్పి ఆ పొడిని చిక్కటి బెల్లం నీళ్లలో కలిపి ఇవ్వచ్చు. చేదు కనక తీపి బాగా ఉండాలి.

మధ్యలో ఆపడం మంచిది కాదు. ఈ మందు వైరస్‌ని చంపదు. మన కణంలో పుట్టిన కొత్త వైరస్‌లు ఆ కణాన్ని వదిలించుకుని పోవడానికి న్యూరామినిడేజ్ అనే ఎంజైమ్ వాడతాయి. మందు దాన్ని పట్టేస్తుంది, వైరస్‌లు అక్కడే అతుక్కుపోతాయి. మొదటి 48 గంటల్లో మొదలుపెట్టమనేది అందుకే. జ్వరం దిగినా పిల్లల్లో వైరస్ ఇంకొన్ని రోజులు బయటికి వస్తూనే ఉంటుంది. ఆస్పిరిన్ మాత్రం పిల్లలకి అస్సలు ఇవ్వకండి. ఫ్లూలో అది లివరుకి, మెదడుకి హాని చేసే రేస్ సిండ్రోమ్‌కి దారితీయగలదు.

ప్రశ్న: నాకు 28 ఏళ్లు, వేరే జబ్బులేవీ లేవు. ఫ్లూ వస్తే ఈ మందుతోపాటు అజిత్రోమైసిన్ కూడా వాడాలా?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అజిత్రోమైసిన్ బ్యాక్టీరియాకి, వైరస్ మీద పనిచెయ్యదు. ఆరోగ్యంగా ఉన్నవారిలో ఓసెల్టామివిర్ జబ్బుని సుమారు ఒక రోజు తగ్గిస్తుంది, అంతే. అదీ తొందరగా మొదలుపెడితేనే. చాలామందికి విశ్రాంతి, నీళ్లు, పారాసిటమాల్ సరిపోతాయి. ఇంట్లో గర్భిణులు, రెండేళ్లలోపు పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే మాస్కు పెట్టుకుని వేరే గదిలో పడుకోండి. తగ్గిన జ్వరం రెండు రోజుల తర్వాత దగ్గు, కఫంతో తిరగబెడితే ఛాతీ పరీక్ష చేయించుకోండి. యాంటీబయాటిక్ అవసరమా అన్నది అప్పుడు డాక్టరు చూస్తారు.