పాఠకుల ప్రశ్నలు: విదేశీ నగరాల్లో జూలు, అంతరించిపోతున్న జంతువులు

ప్రశ్న: జంతువుల్ని బోనుల్లో పెట్టి జాతిని కాపాడుతున్నామని జూలవాళ్లు చెబుతుంటారు. నిజంగా జూ వల్ల బతికి బట్టకట్టిన జంతువు ఒక్కటైనా ఉందా?

ఉన్నాయి. సంవత్సరాలతో సహా చెప్పొచ్చు. మంగోలియా అడవి గుర్రం ప్రజెవాల్‌స్కీ 1969 తర్వాత బయట ఎక్కడా కనిపించలేదు. జూల్లో ఉన్నవే మిగిలాయి. వాటి సంతానాన్ని 1992లో మళ్లీ మంగోలియా గడ్డి మైదానాలకు చేర్చారు. అరేబియా ఓరిక్స్ అనే తెల్లటి ఎడారి జింక కథ కూడా అలాంటిదే. అది వేటకు తుడిచిపెట్టుకుపోతోందని గుర్తించి, 1962లో కొన్నింటిని పట్టుకుని అమెరికాలోని ఫీనిక్స్ జూలో మందను పెంచడానికి పూనుకున్నారు. పదేళ్లకు, అంటే 1972లో, ఎడారిలో చివరిది కూడా పోయింది. 1982లో ఒమన్‌లో వదిలినవి జూ సంతతే. 2011 నాటికి ఆ జింక ప్రమాద జాబితాలో ‘అడవిలో అంతరించింది’ అన్న స్థాయి నుంచి మూడు మెట్లు దిగి, తక్కువ ప్రమాదం వైపు వచ్చింది. కాలిఫోర్నియా కాండార్ రాబందులైతే 1987 నాటికి ప్రపంచం మొత్తం మీద 27 మాత్రమే. అన్నిటినీ పట్టి శాన్ డియాగో, లాస్ ఏంజెలిస్ జూలకు తెచ్చారు.

కాండార్లను పెంచిన తీరు తెలుసుకోదగ్గది. ఆ పక్షి ఒక్కసారికి ఒకే గుడ్డు పెడుతుంది. ఆ గుడ్డును తీసేస్తే కొన్ని వారాల్లో ఇంకొకటి పెడుతుంది. తీసిన గుడ్డును ఇంక్యుబేటర్‌లో పొదిగించి, రెండోదాన్ని తల్లిదండ్రులకే వదిలేస్తారు. ఇంక్యుబేటర్‌లో పుట్టిన పిల్లకు మనిషి ముఖం కనపడకూడదు. అందుకని కాండార్ తల ఆకారంలో ఉన్న తోలుబొమ్మను చేతికి తొడుక్కుని, తెర వెనక నుంచి తిండి పెట్టారు. అయినా మొదట్లో వదిలినవి ఇళ్ల దగ్గరికి, మనుషుల దగ్గరికి వచ్చేసేవి. బొమ్మ తిండి పెట్టగలదుగానీ బుద్ధులు నేర్పలేదు. ఆ తర్వాత ప్రతి పిల్లల గుంపుకూ ఒక పెద్ద కాండార్‌ను తోడుగా ఉంచడం మొదలుపెట్టారు.

అయితే జూ చేయగలిగింది గడువు తెచ్చిపెట్టడం వరకే. ఆ గడువులో బయట వేట ఆగకపోతే, విషం ఆగకపోతే జంతువును ఎన్నేళ్లు పెంచినా దాన్ని వదలడానికి చోటుండదు.

ప్రశ్న: పదీ పన్నెండు జంతువులతో మొదలుపెట్టి వేలల్లో పెంచితే అన్నీ దగ్గరి చుట్టాలే కదా! లోపాలు రావా?

వస్తాయి. జూలో అసలు పనంతా ఇక్కడే ఉంది. సందర్శకుడికి కనపడేది ఆవరణ, కనపడనిది స్టడ్‌బుక్. ఏ జంతువు ఎప్పుడు పుట్టింది, తల్లీతండ్రీ ఎవరు, ఏ జూ నుంచి ఏ జూకి వెళ్లింది, ఎలా చనిపోయింది అన్న వివరాలన్నీ ఒక్కో జాతికి ఒక్కో చిట్టాలో రాస్తారు. ఈ పద్ధతి యూరప్ బైసన్‌తో మొదలైంది. 1932లో దాని వంశావళి మొదటిసారి అచ్చయింది. ఇవాళ బతికున్న ఆ బైసన్లన్నీ 12 జంతువుల సంతానమే. ప్రజెవాల్‌స్కీ గుర్రాల చిట్టాను 1959 నుంచి ప్రాగ్ జూ రాస్తోంది.

లెక్క ఇదీ. సంతానంలో సమానంగా వాటా పొందే జంతువుల సంఖ్యను రెండుతో హెచ్చవేయండి. ఒకటిని ఆ వచ్చినదానితో భాగిస్తే, ప్రతి తరానికీ పోయే జన్యు వైవిధ్యం వస్తుంది. 50 జంతువులుంటే తరానికి ఒక శాతం పోతుంది. తరానికి పదేళ్లనుకుంటే నూరేళ్లకు పది తరాలు, అప్పటికి దాదాపు 90 శాతం మిగులుతుంది. పదే ఉంటే తరానికి ఐదు శాతం చొప్పున కరిగిపోయి, నూరేళ్ల తర్వాత మిగిలేది 60 శాతమే. ‘నూరేళ్లకు 90 శాతం’ అన్నది జూలు పెట్టుకునే మామూలు లక్ష్యం.

ఇక్కడ మెలిక ‘సమానంగా’ అన్న మాటలో ఉంది. మందలో 50 ఉన్నా ఒక్క బలమైన మగదే పిల్లలన్నిటికీ తండ్రి అయితే లెక్కలో అది 50 కాదు, నాలుగో ఐదో. అందుకే ప్రతి జంతువుకూ బతికున్న మిగతా అన్నిటితో సగటున ఎంత చుట్టరికం ఉందో కంప్యూటర్‌తో లెక్కగడతారు. ఎవరితోనూ పెద్దగా చుట్టరికం లేనివాటికి జత కట్టించడంలో మొదటి ప్రాధాన్యం. మేనరికాలు పదేపదే జరిగిన కుటుంబానికి బయటి సంబంధం వెతికినట్టే, ఇక్కడ సంబంధం వేరే ఖండం నుంచి కూడా వస్తుంది.

అంత దూరం పంపేటప్పుడు జంతువుకు మత్తిచ్చి పెట్టెలోకి తోస్తారని చాలామంది అనుకుంటారు. మంచి జూ అలా చేయదు. ప్రయాణానికి కొన్ని వారాల ముందే రవాణా పెట్టెను ఆవరణలో పెట్టి, రెండు తలుపులూ తెరిచి ఉంచి, తిండి అందులోనే పెడతారు. భయం పోయాక తలుపు కాసేపు మూసి తెరుస్తారు. బయల్దేరే రోజుకు జంతువు తనంతట తానే లోపలికి నడుస్తుంది. చేరాక మిగతావాటితో కలపకుండా సాధారణంగా నెల రోజులు విడిగా ఉంచి, మల పరీక్షలు, రక్త పరీక్షలు చేస్తారు.

ప్రశ్న: 2014లో కోపెన్‌హాగన్ జూ ఆరోగ్యంగా ఉన్న జిరాఫీ పిల్లను చంపేసింది. ఇది సంరక్షణ ఎలా అవుతుంది?

ఆ పిల్ల జన్యువులు యూరప్ జిరాఫీల్లో అప్పటికే మెండుగా ఉన్నాయన్నది వాళ్లు చెప్పిన కారణం. దాన్ని ఉంచితే కొత్త రక్తం ఉన్న జిరాఫీకి చోటు పోతుంది. పుట్టకుండా ఆపొచ్చు కదా అంటే, కొన్ని జాతుల్లో ఆడవాటికి ఏళ్ల తరబడి గర్భనిరోధం వాడితే ఆ తర్వాత అసలు చూలు కట్టకుండా పోతాయి. లెక్కగా చూస్తే వాళ్ల వాదన తప్పు కాదు. కానీ పుట్టబోయే మగపిల్లకు చోటు దొరుకుతుందో లేదో చూసుకోకుండా జత కట్టించడం బాధ్యత అనిపించుకోదు. మగవాటినే విడిగా మందగా ఉంచే జూలు ఉన్నాయి. ఆ ఏర్పాట్లు ఇంకా పెరగాలి.

ప్రశ్న: జూలో బాగా పెరిగిన జంతువును అడవిలో వదిలితే సరిపోదా? అన్నేళ్లు ఎందుకు పడుతుంది?

అడవిలో బతకడం చాలావరకు నేర్చుకుంటేనే వస్తుంది. బ్రెజిల్ తీరపు అడవుల్లో ఉండే బంగారు సింహపు టామరిన్ కోతుల్ని 1984లో వదిలినప్పుడు, జూలో పుట్టినవి చాలావరకు చనిపోయాయి. గట్టి కర్రల మీద తిరిగిన కోతికి వంగే కొమ్మ, ఊగే తీగ కొత్త. పట్టు తప్పి పడేవి, దారి తప్పేవి, పండు ఎక్కడ దొరుకుతుందో తెలిసేది కాదు. వదలడానికి ముందు ఇచ్చిన శిక్షణ కంటే, వదిలాక నెలల తరబడి తిండీ, ఉండటానికి గూడుపెట్టెలూ అందిస్తూ వెన్నంటి ఉండటమే ఎక్కువ పనిచేసింది.

హవాయి కాకి విషయంలో శత్రువే సమస్య. 2016లో మొదట వదిలిన వాటిలో కొన్ని అక్కడి డేగల పాలయ్యాయి. తర్వాత డేగను చూపిస్తూ, కాకుల ఆపద కేకలు వినిపిస్తూ తర్ఫీదిచ్చి వదిలారు. కొన్నాళ్లు నిలిచాయిగానీ నష్టం ఆగలేదు. 2020లో మిగిలిన కొద్దింటినీ తిరిగి పట్టుకున్నారు. 2024లో ఆ డేగ లేని మావీ ద్వీపాన్ని ఎంచుకుని ఐదింటిని వదిలారు. తర్ఫీదు సరిపోనప్పుడు చోటు మార్చడం తెలివైన నిర్ణయమే.

నల్లకాళ్ల ఫెర్రెట్ ముంగిసలాంటి చిన్న వేట జంతువు. దాన్ని నేరుగా వదలరు. నేలలో బొరియలున్న ఆవరణలో, దాని ఆహారమైన ప్రెయిరీ డాగ్‌లతో (బొరియల్లో ఉండే ఉడుత జాతి జంతువులు), ప్రాణంతో ఉన్నవాటితోనే, కొన్ని వారాలు ఉంచుతారు. వేటాడటం వచ్చాక, ప్లేగుకూ, కుక్కలకు వచ్చే డిస్టెంపర్ జబ్బుకూ టీకాలు వేసి పంపుతారు. కాండార్లకైతే ఆవరణలో ఉత్తుత్తి కరెంటు స్తంభం పాతి, వాలితే చిన్నగా షాక్ తగిలేట్టు చేశారు. బయటికెళ్లాక అవి నిజమైన స్తంభాల జోలికి వెళ్లడం తగ్గింది. అయినా వాటిని ఇప్పటికీ ఎక్కువగా చంపుతున్నది సీసమే. తూటా తగిలి చచ్చిన జంతువు కళేబరం తింటే అందులోని సీసపు ముక్కలు కడుపులోకి పోతాయి. వేటలో సీసపు తూటాల వాడకాన్ని కాలిఫోర్నియా 2019లో పూర్తిగా నిషేధించింది. జూ తలుపుల లోపల ఎంత కష్టపడినా ఈ పని చట్టంతోనే అయ్యేది.

ప్రశ్న: బెర్లిన్, ప్రాగ్, వియన్నా చూడాలనుకుంటున్నాం. జూలు కూడా చూడాలంటే ఎలా కుదుర్చుకోవాలి?

ఈ మూడూ ఒకే రైలు దారిలో ఉన్నాయి. బెర్లిన్ నుంచి ప్రాగ్‌కు నాలుగు గంటల పైచిలుకు, ప్రాగ్ నుంచి వియన్నాకు నాలుగు గంటలు. ఊరికి కనీసం రెండు రోజులు, అందులో ఒక పూట జూకి పెట్టుకోండి. ఆ పూట ఉదయమే కావాలి. తెరిచే వేళకు గేటు దగ్గరుంటే జంతువులు చురుగ్గా కనిపిస్తాయి. మధ్యాహ్నానికి పులీ సింహం పడుకుంటాయి. లోపలికి వెళ్లగానే అందరూ మొదటి ఆవరణ దగ్గర ఆగిపోతారు. మీరు ఆగకుండా చివరికి నడిచి, అక్కడి నుంచి వెనక్కి చూసుకుంటూ రండి. చలికాలంలో చాలా జూలు సాయంత్రం నాలుగు, నాలుగున్నరకే మూసేస్తారు. సగం జంతువులు లోపలి గదుల్లోనే ఉంటాయి.

బెర్లిన్‌లో రెండు జూలున్నాయి. 1844లో మొదలైన పాతది పేరు మోసిన జూలోజిషర్ గార్టెన్ స్టేషన్ పక్కనే. తూర్పున ఉన్న టియర్‌పార్క్ 160 హెక్టార్లు. అలెగ్జాండర్‌ప్లాట్జ్ దగ్గర యూ5 మెట్రో ఎక్కితే టియర్‌పార్క్ స్టేషన్‌లోనే దిగొచ్చు. ఒకటే చూసే వీలుంటే టియర్‌పార్క్‌కే వెళ్లమంటాం. అక్కడ చోటుంది, రద్దీ తక్కువ.

ప్రాగ్‌లో సీ లైన్ మెట్రోలో నాద్రాజీ హోలెషోవిట్సే దగ్గర దిగి 112 నంబరు బస్సు ఎక్కాలి. జూ కొండవాలు మీద ఉంది. నడక ఎక్కువ, బూట్లు వేసుకోండి. పైకెళ్లడానికి కుర్చీల రోప్‌వే ఉంది. పైకి దాంట్లో ఎక్కి, కిందికి నడుచుకుంటూ దిగితే ఆయాసం తక్కువ. ప్రజెవాల్‌స్కీ గుర్రాల్ని విశాలంగా చూడాలంటే అదే నగరంలోని దీవ్చీ హ్రాడీ కొండ మీద 2021 నుంచి కొన్ని మేస్తున్నాయి. 2024లో ప్రాగ్, బెర్లిన్ జూలు కలిసి ఈ గుర్రాల్నే విమానంలో కజకిస్థాన్‌కు పంపాయి. ఆ సంగతి తెలిసి చూస్తే గడ్డి మేస్తున్న మంద వేరుగా కనిపిస్తుంది.

వియన్నా షోన్‌బ్రున్ జూ 1752 నుంచి నడుస్తోంది. ఇప్పటికీ నడుస్తున్న జూల్లో ఇదే అన్నిటికన్నా పాతది. యూ4లో హీట్సింగ్ దగ్గర దిగండి. రాజభవనం కూడా ఆ తోటలోనే ఉంది కాబట్టి పొద్దున జూ, మధ్యాహ్నం భవనం పెట్టుకోండి. భవనం టికెట్ మీద ప్రవేశ వేళ రాసి ఉంటుంది, ఆ వేళ తప్పకూడదు.

మూడు ఊళ్లలోనూ మెట్రోకి గేట్లుండవు. కాగితం టికెట్ కొన్నవాళ్లు దాన్ని చిన్న యంత్రంలో ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేకపోతే టికెట్ చేతిలో ఉన్నా జరిమానా పడుతుంది. కొత్తవాళ్లు ఎక్కువగా దొరికేది ఇక్కడే. జర్మనీ, ఆస్ట్రియాల్లో యూరో, ప్రాగ్‌లో కొరూనా. బెర్లిన్, వియన్నాల్లో ఆదివారం దుకాణాలు చాలావరకు మూసి ఉంటాయి. ఆ రోజును జూకి వాడుకోవచ్చుగానీ స్థానికులు కూడా ఆ రోజే వస్తారు. మంగళ, బుధవారాలు మేలు.

ప్రశ్న: తెలియని ఊళ్లో మంచి జూ ఏదో, డబ్బు కోసం నడిపేది ఏదో ఎలా గుర్తుపట్టాలి?

వెబ్‌సైట్‌లో ముందు సభ్యత్వం చూడండి. జూల సంఘాలైన ఈఏజెడ్ఏ (యూరప్‌లో), ఏజెడ్ఏ (అమెరికాలో) గుర్తింపు ఉండాలి. ఆ తర్వాత ‘ఏయే జాతుల సంతాన కార్యక్రమంలో ఉన్నాం, ఏ అడవిలో పని చేస్తున్నాం’ అని పేర్లతో రాసి ఉందా చూడండి. పులి పిల్లను ఒళ్లో పెట్టుకుని ఫొటో, ఏనుగు మీద సవారీ అని ప్రకటన కనపడితే అటు వెళ్లొద్దు. ఫొటో కోసం పిల్లను పుట్టిన కొద్ది రోజులకే తల్లి నుంచి విడదీస్తారు. నాలుగు నెలలు దాటితే అది ఒళ్లో కూర్చోదు, ఇంకో పిల్ల కావాలి.

తెల్లపులి చాలామంది అపురూపమైన జాతి అనుకునేది. అది వేరే జాతి కాదు. 1951లో రీవా అడవుల్లో దొరికిన మోహన్ అనే మగపులికి దాని కూతురితోనే జత కట్టించి ఆ రంగును నిలబెట్టారు. మెల్లకన్ను ఆ తెల్ల రంగు తెచ్చే జన్యువుతో పాటే వస్తుంది. దాన్ని గొప్పగా చూపించే జూ సంరక్షణ గురించి ఏం చెప్పినా అనుమానించాల్సిందే.

మంచి జూకి ఇంకో గుర్తు చిన్న ప్రాణులకు ఇచ్చే చోటు. టాంజానియాలో కిహాన్సీ జలపాతం తుంపరల్లోనే బతికే ఒక కప్ప ఉంది. పెద్దదైనా మూడు సెంటీమీటర్లు దాటదు. గుడ్లు పెట్టకుండా నేరుగా పిల్లల్ని కంటుంది. ఆనకట్ట కట్టాక తుంపర తగ్గిపోయింది. 2000లో 499 కప్పల్ని న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జూకి తరలించి, సన్నటి నీటి తుంపరా అతినీలలోహిత దీపాలూ అమర్చి పెంచారు. 2009లో అది అడవిలో అంతరించిందని ప్రకటించారు. కొన్నేళ్లకే జూ సంతతిని ఆ లోయకు తిరిగి తీసుకెళ్లారు. ఏనుగుకు వచ్చే జనం ఈ కప్పకు రారు. అయినా దాని కోసం గది కేటాయించిన జూని నమ్మొచ్చు. ఏనుగులకు చోటు చాలదని 2001లో లండన్ జూ వాటిని నగరం బయట విశాలంగా ఉన్న విప్స్‌నేడ్ జూకి పంపేసిన తీరు కూడా మెచ్చుకోదగ్గదే.

ప్రశ్న: అద్దం వెనక ఉన్న జంతువు ఫొటో తీస్తే మన నీడే పడుతోంది. ఏం చేయాలి?

ఫ్లాష్ ఆపేసి, లెన్స్‌ను అద్దానికి ఆనించండి. చుట్టూ చేయి గానీ నల్లటి బట్ట గానీ అడ్డం పెడితే నీడ పోతుంది. ఇనుప వల అయితే వలకు వీలైనంత దగ్గరగా వెళ్లి, జంతువు వలకు దూరంగా ఉన్నప్పుడు తీస్తే తీగలు మసకబారి కనపడవు. అద్దం మీద కొట్టి పిలవకండి.

ప్రశ్న: విదేశాల్లో గవ్వలు, పగడాలు, తోలు వస్తువులు కొని తెచ్చుకోవచ్చా?

అంగట్లో అమ్ముతున్నారు కదా అని తెచ్చుకోవడానికి లేదు. అంతరించే ప్రమాదమున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం 1975 నుంచి అమల్లో ఉంది, దాని కింద చాలా వస్తువులు సరిహద్దు దాటాలంటే పర్మిట్ కావాలి. దంతం, హాక్స్‌బిల్ తాబేలు డిప్పతో చేసిన దువ్వెనలూ గాజులూ అసలు ముట్టుకోవద్దు. సొంత వాడకానికి కొన్నిటికి మినహాయింపు ఉంది. మనిషికి 125 గ్రాముల కేవియార్, మూడు రాణి శంఖాలు, నాలుగు ఎండు సముద్రపు గుర్రాల వరకూ పర్మిట్ అడగకపోవచ్చు. కొన్ని దేశాలు ఆ మినహాయింపు కూడా ఇవ్వవు. కాబట్టి దిగే దేశం కస్టమ్స్ నియమం ముందే చదువుకోండి. రాళ్ల పగడాలకు, కొండచిలువ తోలుకు దుకాణదారు ఇచ్చే బిల్లు చాలదు. అమ్మిన దేశపు ప్రభుత్వం ఇచ్చిన ఎగుమతి పర్మిట్ అసలు ప్రతి చేతిలో ఉండాలి.